టాహో ఒడ్డున టెంటు: చలి పైనుంచి కాదు, కింది నుంచి వస్తుంది

సెప్టెంబరు మొదటి వారం, కాలిఫోర్నియాలో టాహో సరస్సు దగ్గర క్యాంపు; తెల్లవారుజామున నాలుగు గంటలకి టెంటులో థర్మామీటరు 38 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. అంటే సెల్సియస్‌లో మూడు డిగ్రీల పైచిలుకు. ఇకపై వాతావరణం, బ్యాగుల అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. మా ఎనిమిది మందిలో ఆరుగురు మేలుకునే ఉన్నారు. పైన స్లీపింగ్ బ్యాగు, దాని మీద శాలువా, తలకి మంకీ క్యాపు, అన్నీ ఉన్నాయి. వీపు మాత్రం ఐసుదిమ్మ మీద ఆనించినట్టుంది.

తప్పంతా పరుపుది. తొమ్మిది అంగుళాల ఎత్తున్న గాలి పరుపు చూడ్డానికి హోటల్ మంచంలా ఉంటుంది. దాని లోపల ఉన్నది ఉత్త గాలి. ఆ గాలి కదులుతూనే ఉంటుంది: ఒంటి వేడిని తీసుకెళ్ళి నేలకి ఇస్తుంది, నేల చల్లదనాన్ని తెచ్చి వీపుకి తగిలిస్తుంది. పరుపు ఎంత మందంగా ఉంటే ఆ తిరుగుడు అంత సులువు. చలిని ఆపే శక్తిని ఆర్-వాల్యూతో కొలుస్తారు. మామూలు గాలి పరుపుకి అది 1 చుట్టూ ఉంటుంది. అర అంగుళం మందమున్న ఫోమ్ ప్యాడుకి దాదాపు 2. నలభై డిగ్రీల రాత్రికి కనీసం 3 కావాలి. ఇంకో సంగతి: సాయంత్రం 75 డిగ్రీల్లో బిగుతుగా ఊదిన పరుపు తెల్లవారేసరికి సగం మెత్తబడి ఉంటుంది. చిల్లు పడిందని కంగారు పడతారు గానీ, లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయిందంతే. పడుకునే ముందు మరోసారి ఊదుకోవాలి.

ఈ పరుపులూ బ్యాగులూ దారిలో ఒక సామాన్ల దుకాణంలో అద్దెకి తెచ్చినవి. బ్యాగు ఒక్కోటి 18 డాలర్లు, ఎనిమిదికి 144. మూడు పరుపులు 42. వెరసి 186. 'ఎండాకాలమే కదా, ఇవి సరిపోతాయి' అని కౌంటరు దగ్గర చెప్పి ఇచ్చినవి 40 డిగ్రీల బ్యాగులు. ఆ 40 అనేది హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత అని కొనేవాళ్ళూ అద్దెకి తీసుకునేవాళ్ళూ అనుకుంటారు. చాలా బ్యాగుల మీద వేసేది లోయర్ లిమిట్. చలికి ఓర్చుకోగలిగిన మనిషి ముడుచుకుని పడుకుంటే గట్టెక్కే అంకె అది. హాయిగా పడుకునేందుకు కంఫర్ట్ రేటింగ్ అని వేరే ఉంటుంది, లిమిట్ కంటే ఇంచుమించు పది డిగ్రీలు ఎక్కువ. అంటే 40 బ్యాగు 50 డిగ్రీల రాత్రికి పనికొస్తుంది. టాహోలో జూలైలో కూడా రాత్రిళ్ళు నలభైల్లోకి దిగుతాయి. ఇక్కడికి లిమిట్ 20 డిగ్రీలున్న బ్యాగే అడగండి, లేదంటే తీసుకోకండి. ఎన్నోసార్లు ఉతికి దూది ఉండలు కట్టిన బ్యాగు అయితే లేబుల్ మీద ఏ అంకె ఉన్నా నమ్మక్కర్లేదు. చేత్తో నొక్కి వదిలితే మళ్ళీ పొంగాలి.

రెండో రాత్రి కుదుటపడింది. కిరాణా తెచ్చిన అట్టపెట్టెలు విప్పి టెంటు నేల మీద పరిచి, పరుపు మీద యోగా మ్యాట్లు, వాటి మీద మందపాటి దుప్పటి వేశాం. దుప్పటి కప్పుకోవడం కంటే కింద వేసుకోవడం మేలు. ఒంటి బరువుకి బ్యాగులోని దూది కింది వైపు అణిగిపోతుంది కాబట్టి అక్కడ అది ఉన్నా లేనట్టే. స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, బిగించి, మేజోడులో దూర్చి పాదాల దగ్గర పెట్టుకుంటే తెల్లారుజాము దాకా వెచ్చగా ఉంటుంది. చలిగా ఉందని టెంటు కిటికీలన్నీ మూసేయకూడదు. ఊపిరిలోని తేమ గుడ్డకి పట్టి, పొద్దున్నే చినుకులై బ్యాగుల మీద రాలుతుంది. బొగ్గుల కుంపటి గానీ స్టవ్వు గానీ టెంటులోకి ఎట్టి పరిస్థితుల్లోనూ తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక చోటు గురించి. షుగర్ పైన్ పాయింట్ స్టేట్ పార్కు టాహో పడమటి ఒడ్డున, టాహో సిటీకి దక్షిణంగా పది మైళ్ళ దూరంలో, 89వ నంబరు రోడ్డు మీద ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్ నుంచి 200 మైళ్ళ పైనే. మామూలు రోజుల్లో నాలుగు గంటలు, శుక్రవారం సాయంత్రమైతే ఆరు. కూరగాయలు, పెరుగు, కొత్తిమీర దారిలోని రోజ్‌విల్ ఊరు దాటకముందే కొనుక్కోవాలి. పార్కులోని జనరల్ క్రీక్ క్యాంపుగ్రౌండులో వందకి పైగా సైట్లున్నాయి. బుక్ చేసుకునే ముందే ఒక్క మాట: క్యాంపు ఉన్నది రోడ్డుకి పడమటి వైపు అడవిలో, సరస్సు ఉన్నది తూర్పు వైపు. టెంటు జిప్పు తీస్తే నీళ్ళు కనిపిస్తాయని ఆశపడి వస్తే మనసు చివుక్కుమంటుంది. రోడ్డు దాటి నడిచి వెళ్ళాలి. మా వదిన మొదటి రోజు సాయంత్రమంతా దీనికే ముఖం ముడుచుకుంది, మర్నాడు పొద్దున ఆ నీళ్ళు చూశాకే మామూలైంది. నీళ్ళకి దగ్గరగా ఉండాలంటే కొంచెం దక్షిణాన మీక్స్ బే ఉంది, కానీ అక్కడ రోడ్డు చప్పుడు. ఎమరాల్డ్ బే పైనున్న ఈగిల్ పాయింట్ క్యాంపు నుంచి కనిపించే దృశ్యం అద్భుతం, నేల మాత్రం ఏటవాలు. పసిపిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే షుగర్ పైన్‌దే చదునైన నేల.

మేం వెళ్ళినప్పుడు సైటు రాత్రికి 35 డాలర్లు, బుకింగ్ ఫీజు 8.25. రెండు రాత్రులకి 78.25 అయింది, రెండో కారుకి అదనం. ఎనిమిది మంది దాకా ఒక సైటులో ఉండొచ్చు. కారు అదనం పక్కన పెడితే తలకి పది డాలర్లు కూడా పడలేదు. అదే శనివారం సరస్సు పక్కన అద్దె ఇళ్ళు చూస్తే క్లీనింగ్ ఫీజుతో కలిపి రాత్రికి నాలుగు వందలు దాటుతున్నాయి. సైట్లు సరిగ్గా ఆరు నెలల ముందు పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. వేసవి శనివారాలైతే నిమిషాల్లో అయిపోతాయి. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే లాగిన్ అయి, సైటు నంబర్లు మూడు రాసి పెట్టుకుని కూర్చోవాలి. అప్పుడు దొరక్కపోతే ప్రయాణానికి ముందు వారం రోజూ చూడండి, రద్దయినవి వస్తుంటాయి. బాత్రూముకి మరీ పక్కన తీసుకోవద్దు, రాత్రంతా లైట్లూ తలుపు చప్పుడూ. మరీ దూరమూ వద్దు, రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని పెద్దవాళ్ళని నడిపించాలి. మూడు నాలుగు సైట్ల అవతల అయితే సరిగ్గా ఉంటుంది. స్నానాలకి క్వార్టర్లు (పావు డాలరు నాణేలు) దండిగా వెంట ఉంచుకోండి.

టాహోలో క్యాంపు అంటే మొదట నేర్చుకోవాల్సింది ఎలుగుబంటి పెట్టె. ప్రతి సైటులోనూ ఎలుగులకి అందకుండా తిండి దాచే ఇనుప బీరువా లాంటిది ఉంటుంది. దాని గొళ్ళెం బయటికి కనపడదు. తలుపు మీద రేకు కప్పు ఉంటుంది, చేతివేళ్ళు దాని కిందికి పోనిచ్చి, లోపలి పట్టీని పైకి నొక్కితేనే తెరుచుకుంటుంది. ఎలుగు పంజా ఆ సందులో పట్టదు, అదే అందులో కిటుకు. మూసేటప్పుడు టక్కుమని శబ్దం వినపడాలి, తర్వాత ఒకసారి లాగి చూడాలి. మనవాళ్ళు తిండి వరకు లోపల పెట్టేస్తారు గానీ వాసన వచ్చేవన్నీ తిండి కిందే లెక్క: టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, అమృతాంజనం, అగరుబత్తీలు, కడగని కుక్కరు, తిండి ఏమీ లేని ఐస్ బాక్సు కూడా. గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య ఆవకాయ సీసా మూత బిగుతుగా ఉందని, దిండు పక్కనే పెట్టుకుంటానని పట్టుబట్టింది. ఎలుగు ముక్కుకి మూత అడ్డం కాదు. సీసా పెట్టెలోకి వెళ్ళింది, ఆవిడ మాట్లాడటం మానేసింది, పొద్దున దోసెల వేళకి మళ్ళీ మాట కలిపింది.

కార్లో పెట్టి తలుపులు మూస్తే చాలనుకోవద్దు. ఈ ఎలుగులు కారు తలుపు హ్యాండిల్ లాగడం నేర్చాయి, లోపలికి వెళ్ళాక తలుపు పడిపోతే సీట్లన్నీ చీల్చేస్తాయి. పిల్లల కారు సీటు సందుల్లో పడ్డ బిస్కెట్ పొడి కూడా దులిపేయాలి. సౌత్ లేక్ టాహోలో 'హ్యాంక్ ద ట్యాంక్' అని పేరు పడ్డ ఎలుగు కనీసం 21 ఇళ్ళలో జొరబడిందని డీఎన్ఏ పరీక్షలో తేలింది. 2023 ఆగస్టులో పట్టుకుని కొలరాడోలోని సంరక్షణ కేంద్రానికి పంపారు. అది ఆడ ఎలుగు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుల్ని చాలాసార్లు చంపాల్సి వస్తుంది. తిన్నాక మిగిలిన అన్నం ముద్ద పక్షులకి పెట్టడం మనకి పుణ్యమని అలవాటు. ఇక్కడ ఆ పని చేయొద్దు. ఉడతలకి అసలే వద్దు. 2021లో చిప్‌మంకులకి (చిన్న చారల ఉడతలు) ప్లేగు సోకినట్టు బయటపడి, దక్షిణ ఒడ్డున టేలర్ క్రీక్ సందర్శకుల కేంద్రాన్ని కొన్నాళ్ళు మూశారు. సాంబారు గిన్నె కుళాయి దగ్గర కడగకుండా, ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితం చెత్త తొట్టిలో వేయండి.

వంటలో దెబ్బతినేది పప్పు దగ్గరే. సరస్సు ఎత్తు సముద్రమట్టానికి సుమారు 6,225 అడుగులు. ఇక్కడ నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్‌కి కాకుండా 94 లోపే మరిగిపోతాయి. కందిపప్పు గిన్నెలో పెడితే గంటన్నరకీ పలుకు పోదు, సిలిండర్ మాత్రం ఖాళీ అవుతుంది. కుక్కరు తప్పనిసరి. అయితే కుక్కర్లో కూడా కింద ఊళ్ళో కంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువే వస్తుంది, ఎందుకంటే విజిల్ బరువు బయటి గాలి ఒత్తిడి మీద అదనంగా పని చేస్తుంది, బయటి ఒత్తిడే ఇక్కడ తక్కువ. ఇంట్లో నాలుగు విజిళ్ళయితే ఇక్కడ ఆరు పెట్టండి, పప్పు గంట ముందు నానబెట్టండి. పెసరపప్పయితే ఏ ఇబ్బందీ లేదు. రెండు పొయ్యిల ప్రొపేన్ స్టవ్వుకి 16.4 ఔన్సుల సిలిండర్ రెండు మంటలూ నిండుగా పెడితే గంటే వస్తుంది. ఎనిమిది మందికి రెండు రోజుల టీలు, అన్నం, పప్పు, దోసెలకి నాలుగు పట్టాయి. బ్యూటేన్ స్టవ్వు తేవద్దు, తెల్లవారుజామున చలికి గ్యాసు సరిగా పైకి రాదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. విజిళ్ళు ఆ లోపే ముగించండి.

కట్టెలు ఇంటి నుంచి తేకండి, వాటిలోని పురుగులు ఇక్కడి చెట్లకి పడతాయి. అడవిలో ఏరుకోవడమూ కుదరదు. అక్కడే కొని అక్కడే కాల్చాలి. ఎండలు ముదిరితే మంటలు పూర్తిగా నిషేధిస్తారు, బయలుదేరే రోజు పొద్దున చూసుకోండి. ఆర్పేటప్పుడు నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, బూడిదకి దగ్గరగా చెయ్యి వెనకవైపు పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట.

ఎమరాల్డ్ బేకి పొద్దున ఎనిమిది లోపు వెళ్తేనే కారుకి చోటు. అక్కడి వైకింగ్స్‌హోమ్ భవనానికి ఒక మైలు దిగుడు, తిరిగి ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి తగదు.

ఇంత చలీ చాకిరీ మర్చిపోయేలా చేసింది పొద్దున్న ఆరున్నరకి పార్కు రేవు. 1903లో కట్టిన హెల్మన్-ఎర్మన్ బంగళా ముందు పచ్చిక దాటి చెక్కల రేవు చివరికి నడిస్తే, గాలి లేదు, అల లేదు. కింద రాళ్ళు ఒక్కొక్కటీ వేరువేరుగా, వాటి మీద రేవు స్తంభాల నీడలు. లోతు మోకాలంతే అనిపిస్తుంది, నిజానికి మనిషి మునిగే లోతు. 1968 నుంచి ఇక్కడ తెల్లటి పళ్ళేన్ని నీళ్ళలోకి దించి, ఎంత లోతు దాకా కనపడుతుందో కొలుస్తున్నారు. ఆ ఏడాది సగటు 102.4 అడుగులు. తర్వాత తగ్గుతూ వచ్చింది. మట్టీ ఎరువులూ కొట్టుకొచ్చి కలవడం అందుకు ఒక కారణం. అందుకే సబ్బుతో ఆ నీళ్ళలో చేతులు కడుక్కునేవాళ్ళని చూస్తే బాధేసింది. ఈతకి దిగాలనుకుంటే మెల్లగా, మోకాళ్ళ నుంచి మొదలుపెట్టి దిగాలి. ఎండాకాలం చివర కూడా నీళ్ళు అరవైల ఫారెన్‌హీట్‌లోనే ఉంటాయి. ఒక్కసారిగా దూకితే ఊపిరి పట్టేసి, ఈత వచ్చినవాళ్ళే మునుగుతారు. పిల్లలకి లైఫ్ జాకెట్ తీయొద్దు.

మధ్యాహ్నం పన్నెండుకి సైటు ఖాళీ చేయాలి. టెంటు తడిగా మడిస్తే బూజు పడుతుంది, ఇంటికి రాగానే విప్పి ఆరేయండి. దుకాణంలో సామాను తిరిగిచ్చినప్పుడు రెండు బ్యాగులకి పైన్ జిగురు అంటిందని 15 చొప్పున మరో 30 డాలర్లు పట్టుకున్నారు. మొత్తం 216. ఆ డబ్బుతో ఎనిమిది మందికీ ఫోమ్ ప్యాడ్లు సొంతంగా కొనుక్కోవచ్చు. ఆ జిగురుకి ఖర్చు కూడా అక్కర్లేదు: దూదికి రబ్బింగ్ ఆల్కహాల్ అద్ది, ముందు ఓ మూల చిన్న చోట రాసి రంగు పోదని చూసుకుని, మరక అంచు నుంచి లోపలికి రుద్దితే ఐదు నిమిషాల్లో పోతుంది. చేతులకి అంటితే కొబ్బరినూనె చాలు.