కంబోడియా ఆలయాల ‘అధ్యయన యాత్ర’కు డబ్బు కట్టే ముందు అంగ్కోర్ పాస్ ఎన్ని రోజులదో అడగండి

హిందూ ఆలయ వారసత్వంపై విదేశీ అధ్యయన యాత్ర అన్న పేరుతో కంబోడియాకు తీసుకువెళ్లిన ఒక సంస్థకు సొమ్మంతా ముందే చెల్లించి మోసపోయిన చరిత్ర విద్యార్థినిగా, అటువంటి ప్రకటన చూసి ఆలోచిస్తున్న వారి కోసం ఇది రాస్తున్నాను. అంగ్కోర్ ఆలయాలకు దగ్గరి పట్టణమైన సియెమ్ రీప్‌లో ఏడు రోజుల బస, ప్రతిరోజూ శిల్పాల ఎదుటే పాఠం, చివరకు మూడు క్రెడిట్ల ధ్రువపత్రం ఇస్తామని వారు మాట ఇచ్చారు.

మోసమంతా పాస్ దగ్గరే మొదలైంది. అంగ్కోర్ ఆలయ ప్రాంతంలోకి వెళ్లేందుకు విదేశీయులు కొనవలసిన పాస్ ఒకరోజుకైతే 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజుల పాస్‌ను పది రోజుల వ్యవధిలోనూ, ఏడు రోజుల పాస్‌ను నెల వ్యవధిలోనూ వీలైన రోజుల్లో వాడుకోవచ్చు. దాని మీద కొన్నవారి ఫోటో ముద్రిస్తారు కనుక ఒకరి పాస్ మరొకరికి పనికిరాదు. యాత్ర రుసుములోనే ఏడు రోజుల పాస్ కలిసి ఉందని ఫోనులో చెప్పిన నిర్వాహకులు మా చేతిలో పెట్టింది ఒకరోజు పాస్. అదైనా మేము దిగిన రోజు సాయంత్రం అయిదు దాటాక కొన్నారు. అలా సాయంత్రం కొన్న పాస్ మరునాటికి చెల్లుతుంది, పైగా ఆ పూట సూర్యాస్తమయం చూడటానికి లోపలికి వెళ్లనిస్తారు. యాత్రికులకు ఉన్న ఈ వెసులుబాటును అడ్డం పెట్టుకుని, నోమ్ బాఖెంగ్ గుట్ట మీద మేము గడిపిన గంటసేపటిని వారు ‘మొదటి అధ్యయన దినం’గా లెక్కగట్టారు. తలకు 35 డాలర్లు మిగుల్చుకోవడానికి ఇంత తెలివి ఖర్చు చేశారు.

మిగిలిన ఆ ఒక్క రోజైనా సవ్యంగా సాగలేదు. 12వ శతాబ్ది పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన అంగ్కోర్ వాట్ కాలక్రమంలో బౌద్ధుల పూజాస్థలమైంది. అందుకే అన్నిటికంటే పైనున్న బాకాన్ అంతస్తును బౌద్ధ పవిత్ర దినాల్లో సందర్శకులకు మూసివేస్తారు. మమ్మల్ని తీసుకువెళ్లింది సరిగ్గా పౌర్ణమి నాడు. పంచాంగం ఒకసారి తిరగేసినా తెలిసిపోయే సంగతి ఇది. తూర్పు మండపంలో 49 మీటర్ల పొడవున ఉన్న క్షీరసాగర మథన శిల్పం ఎదుట మాకు దక్కినవి పన్నెండు నిమిషాలు. దేవాసురులు ఇరువైపులా వాసుకిని లాగుతుండగా నడుమ విష్ణువు నిలిచిన ఆ గోడ వెంట ఒక కొస నుంచి మరో కొసకు శిల్పాన్ని తీరుబడిగా చూస్తూ నడవడానికి ఆ సమయం సరిపోదు. వెంట వచ్చిన ‘ఆచార్యుడు’ పాఠం మొదలుపెట్టగానే అక్కడి సిబ్బంది వచ్చి, లైసెన్సు ఉన్న స్థానిక గైడు లేకుండా బృందానికి వివరించకూడదని ఆపివేశారు. ఆ గైడును కుదుర్చుకోవలసిన ఖర్చు కూడా నిర్వాహకులు ఎగవేశారని మాకు అప్పుడే అర్థమైంది.

నేను ఈ యాత్రకు చేరిందే బాంతే స్రే కోసం. క్రీ.శ. 967లో ప్రతిష్ఠ జరిగిన ఈ శివాలయాన్ని కట్టించినవాడు రాజు కాడు, యజ్ఞవరాహుడనే రాజగురువు. వాలి సుగ్రీవుల పోరు, ఖాండవ దహనం, కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు అక్కడి ఎర్ర ఇసుకరాతిలో చెక్కి ఉన్నాయి. నా పరిశోధన వ్యాసానికి ఆ మూడే ఆధారం. ఆ ఆలయమూ, నది అడుగు రాతిలో లింగాలు మలిచిన కబాల్ స్పియన్ కూడా అంగ్కోర్ పాస్ కిందికే వస్తాయి కనుక, ఒకరోజు పాస్ గడువు తీరాక వాటి ఊసే ఎత్తలేదు. బదులుగా కులెన్ కొండకు తీసుకువెళతామన్నారు గాని, దానికి వేరే టికెట్ ఉంటుందని, ఆ సొమ్ము మేమే భరించాలని చెప్పారు. తక్కిన రోజులు టోన్లే సాప్ సరస్సులో పడవ షికారుతోనూ, హోటల్ గదిలో స్లైడ్లు చూపించడంతోనూ గడిచిపోయాయి. ఆ స్లైడ్లలో బాంతే స్రే ఫోటోలు ఉన్నాయి.

ధ్రువపత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. క్రెడిట్లు ఇవ్వగలిగేది విశ్వవిద్యాలయమే కాని యాత్రా సంస్థ కాదు. మా పరీక్షల విభాగం ఆ కాగితాన్ని చూసి, ముందుగా రాతపూర్వక ఆమోదం లేనిదే దీనికి విలువ లేదని తిప్పి పంపింది.

మీరు చేరదలచుకుంటే, పాస్ ఎన్ని రోజులదో, స్థానిక గైడు రుసుము ఎవరిదో, ఏ తేదీన ఏ ఆలయంలో ఎన్ని గంటలు గడుపుతారో మూడూ రాతపూర్వకంగా తీసుకున్నాకే బయానా కట్టండి. ఫోనులో చెప్పిన మాటకు నా దగ్గర రుజువు లేకపోవడం వల్లనే వారు వాపసు నిరాకరించగలిగారు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. ఈలోగా అదే సంస్థ తరువాతి బృందానికి ప్రకటన ఇచ్చింది. దాని మీద బాంతే స్రే బొమ్మ ఉంది, పాస్ ఎన్ని రోజులదో మాత్రం ఎక్కడా లేదు.