గదికే కాదు, కారుకీ అద్దె: ఓర్లాండో, అనహైమ్ థీమ్ పార్క్ హోటళ్లలో పార్కింగ్ సంగతులు

ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గరున్న డిస్నీ వరల్డ్ థీమ్ పార్కుల సొంత హోటల్లో దిగితే, రాత్రంతా కారు పెట్టుకున్నందుకు ఇప్పుడు పైసా కట్టక్కర్లేదు. అక్కడికి కాస్త దూరంలోనే, యూనివర్సల్ అనే మరో థీమ్ పార్క్ సంస్థ హోటల్లో దిగితే ప్రతి రాత్రికీ కట్టాలి. ఈ రెండింటి చుట్టుపక్కల ఉన్న బయటి హోటళ్లలో కొన్ని వసూలు చేస్తాయి, కొన్ని చేయవు, కొన్ని గది అద్దెకు తోడు రిసార్ట్ ఫీజు అనే తప్పనిసరి చార్జీ వేసి దాని మీద పార్కింగ్ కూడా వేస్తాయి. మేం ఒకే ట్రిప్పులో ఈ మూడు రకాల చోట్లా ఉన్నాం. బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చిన్నదేమీ కాదు. పిల్లలతో, పెద్దవాళ్లతో కారేసుకుని ఓర్లాండో వెళ్లే కుటుంబాలు గది బుక్ చేసే ముందే ఈ లెక్క చూసుకోవాలని గట్టిగా అనిపించి రాస్తున్నాను.

డిస్నీలో మేం దిగింది కరీబియన్ బీచ్ రిసార్ట్‌లో. గేటు దగ్గర గార్డు ఐడీ అడిగి, బుకింగ్ సరిచూసి లోపలికి పంపాడు. గది ఉన్న బిల్డింగ్ దగ్గరే కారు పెట్టుకోగలిగాం. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. అందుకని ఇది మాకు చాలా పెద్ద సౌకర్యం. డిస్నీ పార్కులైన ఎప్‌కాట్‌కీ, హాలీవుడ్ స్టూడియోస్‌కీ స్కైలైనర్ కేబుల్ కార్లో వెళ్లిపోయాం, కారు కదపనే లేదు.

డిస్నీ హోటల్లో ఉన్నవాళ్లకు పార్కుల దగ్గర మామూలు పార్కింగ్ కూడా ఉచితమే. అసలు ఆదా ఇక్కడే ఉంది. బయటి నుంచి వచ్చేవాళ్లు పార్కు దగ్గర రోజుకు ఇంతని కట్టాలి. 2023 అక్టోబరులో అది 25 డాలర్ల నుంచి 30కి పెరిగింది. ఒకసారి కడితే ఆ రోజంతా నాలుగు పార్కుల్లోనూ చెల్లుతుంది కాబట్టి మధ్యాహ్నం పార్కు మారినా మళ్లీ కట్టక్కర్లేదు. అయినా ఆ 30 చొప్పున నాలుగు రోజులు పార్కులు తిరిగితే 120 డాలర్లు. బయటి హోటల్ రాత్రికి ఓ ముప్పై డాలర్లు చవకగా కనిపించినా, ఈ ఒక్క ఖర్చుతోనే ఆ లాభం పోతుంది.

అయితే ఉచితం కదా అని ప్రతి పార్కుకీ కారులో వెళ్లొద్దు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి మాత్రం హోటల్ బస్సే మేలు. అక్కడ కార్లు పెట్టే చోటు పార్కు ముందు ఉండదు. ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర కారు పెట్టి, అక్కడి నుంచి మోనోరైలో, ఫెర్రీయో ఎక్కి సరస్సు దాటాలి. బస్సయితే పార్కు గేటుకు దగ్గరగా దింపుతుంది. బాణసంచా అయ్యాక నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని ఫెర్రీ క్యూలో నిలబడటం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. యానిమల్ కింగ్‌డమ్‌కి మాత్రం కారే హాయి. అది మిగతావాటికి దూరంగా విసిరేసినట్టు ఉంటుంది, బస్సులో చాలాసేపు కూర్చోవాలి.

ఈ ఉచితం వెనక ఒక కథ ఉంది. డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరిచారు. అప్పటి నుంచి 2018 దాకా హోటల్ అతిథుల కార్లకు రాత్రి పార్కింగ్ చార్జీ లేదు. 2018 మార్చి 21 నుంచి చేసిన బుకింగులకు కొత్తగా పెట్టారు. చవకైన వాల్యూ హోటళ్లలో రాత్రికి 13 డాలర్లు, మధ్యరకం మోడరేట్‌లో 19, ఖరీదైన డీలక్స్‌లో 24. తర్వాత అవి 15, 20, 25 అయ్యాయి. టెంట్లు, ఆర్‌వీలతో (లోపలే పడుకునే వీలున్న పెద్ద బండ్లతో) దిగే ఫోర్ట్ విల్డర్‌నెస్ క్యాంప్‌సైట్ల వాళ్లను మినహాయించారు. భోజనానికో, హోటల్ చూడటానికో పగలు వచ్చిపోయేవాళ్లకూ చార్జీ పెట్టలేదు. అంటే వందల డాలర్లు పోసి గది తీసుకున్నవాళ్లు కారుకు వేరే డబ్బు కట్టారు, రాత్రి భోజనానికి వచ్చిపోయేవాళ్లు ఊరికే పెట్టుకున్నారు. అతిథి మర్యాద తెలిసినవాళ్లు చేసే పని కాదిది. డబ్బెంత అన్నది పక్కన పెట్టినా ఆ పద్ధతే తప్పని నా అభిప్రాయం.

దానికి తోడు, విమానాశ్రయం నుంచి హోటల్‌కు ఉచితంగా తీసుకెళ్లే మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ బస్సును 2021తో ఆపేశారు. ఆ బస్సు లేకపోయేసరికి కారు అద్దెకు తీసుకోవాల్సిన కుటుంబాలు పెరిగాయి. తీసుకున్న కారుకు రాత్రి చార్జీ. 2022లో వెళ్లినవాళ్లకు రెండువైపులా దెబ్బ. చివరికి బాబ్ ఐగర్ డిస్నీ కంపెనీ సీఈవోగా మళ్లీ పగ్గాలు పట్టిన కొద్ది వారాలకే, 2023 జనవరిలో, హోటల్ అతిథులకు రాత్రి పార్కింగ్ చార్జీ ఎత్తేశారు. అభిమానులు ఐదేళ్లపాటు ఊరుకోకుండా అడుగుతూనే ఉన్నారు. అడిగితే మారుతుందనడానికి ఇది నిదర్శనం కాబట్టి మనం కూడా సర్వే ఫారం వచ్చినప్పుడు బద్ధకించకుండా రాయాలి. వ్యాలే, అంటే తాళాలిస్తే వాళ్లే తీసుకెళ్లి పెట్టే సేవకు మాత్రం ఇప్పటికీ వేరే డబ్బు. అది ఇష్టమైనవాళ్లే తీసుకునేది కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

డిస్నీ నుంచి యూనివర్సల్‌కు మారే మధ్యలో ఒక బయటి హోటల్లో ఉన్నాం. గది బాగుంది, స్విమ్మింగ్ పూల్ బాగుంది, పిల్లలు కదల్లేదు. పార్కింగ్ దగ్గరే మనసు విరిగింది. రాత్రి చార్జీ ఉందని బుకింగ్ పేజీలో ఎక్కడో అడుగున రాశారు, సరే. కానీ ఆ ఊళ్లోనే ఉండే మా స్నేహితులు అత్తయ్యను, మామయ్యను చూడటానికి సాయంత్రం వచ్చారు. రెండు గంటలు కూర్చుని వెళ్లారు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర మెషీన్ వాళ్లను దాదాపు రోజంతా పెట్టినంత చార్జీ అడిగింది. నేను రిసెప్షన్‌కు వెళ్లి, వాళ్లు మా అతిథులు, మా రూమ్ నంబర్ ఇదీ అని చెప్పాను. రెస్టారెంట్ బిల్లుంటేనే తగ్గిస్తామన్నారు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని గుమ్మం దగ్గర ఆపి డబ్బడిగినట్టు ఉంది. మేం కడతామంటే స్నేహితులు ఒప్పుకోలేదు. పెద్దవాళ్ల ముందు ఆ వాదులాట జరగడం నాకు ఇప్పటికీ బాధే.

అందుకని హోటల్ బుక్ చేసేటప్పుడు మన కారు ఒక్కటే కాదు, మనల్ని చూడటానికి వచ్చేవాళ్ల కారు సంగతీ అడగాలి. అమెరికాలో మనవాళ్లు లేని ఊరు ఉండదు కదా, ఎవరో ఒకరు కలవడానికి వస్తారు. దీనికి నాకు కనిపించిన మంచి దారి, హోటల్లో కాకుండా బయట కలుసుకోవడం. డిస్నీ వాళ్ల షాపులు, రెస్టారెంట్లు ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌లో గ్యారేజీ పార్కింగ్ అందరికీ ఉచితం, పగలైనా రాత్రైనా. అలాంటిదే యూనివర్సల్ సిటీవాక్, దానికి వెళ్లే పెద్ద గ్యారేజీల్లో మామూలు పార్కింగ్ సాయంత్రం 6 దాటాక ఉచితం. హాలోవీన్ హారర్ నైట్స్ లాంటి ప్రత్యేక కార్యక్రమాలున్న రాత్రుల్లో మాత్రం ఇది వర్తించదు. డిస్నీ స్ప్రింగ్స్‌లో కారు పెట్టి అక్కడి నుంచి పార్కులకు పోదామనుకుంటే కుదరదు, నేరుగా పార్కులకు బస్సులు ఉండవు.

ఇక యూనివర్సల్. మేం వాళ్ల కాబానా బే హోటల్లో దిగాం. ఆరుగురు పడుకోగలిగే ఫ్యామిలీ సూట్లు, చిన్న కిచెన్ ఉంటాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు దాన్ని మించింది ఆ ధరలో దొరకడం కష్టం. ఇక్కడ రాత్రికి పార్కింగ్ చార్జీ ఉంది. హోటల్ స్థాయి పెరిగేకొద్దీ ఆ చార్జీ పెరుగుతుంది. పగలు వచ్చిపోయేవాళ్లకు గంటల లెక్కన వేస్తారు, రోజంతా ఉంచితే రాత్రి అతిథి కట్టేదానికన్నా ఎక్కువే అవుతుంది.

పగటి చార్జీ ఎందుకంత ఎక్కువో అక్కడ నిలబడి చుట్టూ చూస్తే అర్థమవుతుంది. డిస్నీ వరల్డ్ పాతిక వేల ఎకరాల పైమాటే. చాలా హోటళ్ల నుంచి పార్కుకు నడిచి వెళ్లలేం. అందుకే హోటల్ గేటు దగ్గర గార్డు ఉంటే సరిపోతుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు నడిచే దూరంలో ఉన్న కాంటెంపరరీ హోటల్ లాంటి చోట్ల మాత్రం గట్టిగా ప్రశ్నలు వేస్తారు, రద్దీ రోజుల్లో రెస్టారెంట్ రిజర్వేషన్ లేనివాళ్లను వెనక్కి పంపేస్తారు. యూనివర్సల్‌లో పాత పార్కులు రెండూ, సిటీవాక్, పెద్ద హోటళ్లు అన్నీ పక్కపక్కనే. నడిచి వెళ్లొచ్చు, కొన్ని హోటళ్ల నుంచి వాటర్ ట్యాక్సీలు కూడా ఉన్నాయి. హోటల్ పార్కింగ్ చవకగా ఉంటే పార్కుకు వచ్చేవాళ్లంతా అక్కడే పెట్టేస్తారు, గది తీసుకున్నవాళ్లకు చోటు ఉండదు. కాబట్టి పగటి చార్జీని నేను తప్పుపట్టను. గది తాళం కార్డు చేతిలో ఉన్న అతిథి దగ్గర రాత్రికి ఇంతని తీసుకోవడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఎవరు అతిథో, ఎవరు కాదో వాళ్లకు స్పష్టంగా తెలుసు కదా.

యూనివర్సల్ పక్షాన చెప్పాల్సినవీ ఉన్నాయి. అక్కడ రిసార్ట్ ఫీజు లేదు. హోటల్ అతిథులను పార్కులోకి ముందుగా పంపిస్తారు. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు ప్రీమియర్ హోటళ్లలో దిగితే గదిలో ఉన్న అందరికీ పాత పార్కుల్లో పెద్ద క్యూలు తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ వస్తుంది. రద్దీ రోజుల్లో ఆ పాసు విడిగా కొనాలంటే మనిషికి అయ్యే ఖర్చు ముందు పార్కింగ్ చార్జీ లెక్కలోకే రాదు. 2025 మే 22న తెరిచిన వాళ్ల కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్ పాత పార్కులకు కొన్ని మైళ్ల దూరంలో ఉంది. అక్కడికి హోటళ్ల నుంచి ఉచిత బస్సులున్నాయి కాబట్టి మళ్లీ కారు తీయనక్కర్లేదు. మా కారు ఆ రోజులన్నీ కదలకుండా ఉంది, దానికి రాత్రి రాత్రికీ డబ్బు కట్టాం.

కాలిఫోర్నియాలోని అనహైమ్ డిస్నీల్యాండ్‌కు అంతకుముందు వెళ్లాం. ఓర్లాండో అలవాటుతో అక్కడికి వెళ్లేవాళ్లు ఇది గమనించాలి, అక్కడి డిస్నీ హోటళ్లు మూడింటిలోనూ అతిథుల కార్లకు రాత్రి చార్జీ ఉంది. 2023లో ఎత్తేసింది ఫ్లోరిడాలోనే. 1955లో కట్టిన ఆ పార్కు చుట్టూ ఊరు పెరిగిపోయింది, స్థలం చాలా తక్కువ. బయటివాళ్ల కోసం వేల కార్లు పట్టే బహుళ అంతస్తుల గ్యారేజీలు కట్టారు. అక్కడ పార్కింగ్ చార్జీ 2023 అక్టోబరులోనే 35 డాలర్లయింది. హార్బర్ బులెవార్డ్ మీద, గేటుకు పదిపదిహేను నిమిషాల నడకలో ఉన్న హోటళ్లే అక్కడ మధ్యతరగతి కుటుంబానికి సరైనవని నా అభిప్రాయం. వాటిలోనూ చాలావాటికి పార్కింగ్ చార్జీ ఉంది కానీ, నడిచి వెళ్తాం కాబట్టి రోజూ పార్కు గ్యారేజీకి కట్టే పని ఉండదు.

ఈ మధ్య చట్టాలు కొంత మారాయి. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి, దేశమంతటా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమంతో 2025 మే 12 నుంచి, హోటళ్లు తప్పనిసరి ఫీజులన్నీ కలిపి మొదట్లోనే మొత్తం ధర చూపించాలి. రిసార్ట్ ఫీజు చివర్లో వచ్చి గుండె గుభేల్మనిపించడం దీనితో తగ్గింది. పార్కింగ్ మాత్రం కారు ఉన్నవాళ్లకే కాబట్టి తప్పనిసరి కిందకు రాదు. అందుకే స్క్రీన్ మీద కనిపించే మొత్తంలో అది సాధారణంగా కలిసి ఉండదు. మనమే వెతుక్కోవాలి.

వెతికినా దొరక్కపోతే హోటల్‌కే ఫోన్ చేయండి. రాత్రికి ఎంత, దాని మీద పన్ను వేరా, చెక్-అవుట్ రోజు గది వదిలాక సాయంత్రం దాకా కారు ఉంచుకోవచ్చా, మధ్యలో బయటికి వెళ్లి వస్తే మళ్లీ కట్టాలా, మమ్మల్ని చూడటానికి వచ్చేవాళ్లకు ఎంత. చెక్-అవుట్ రోజు సంగతి ముఖ్యంగా అడగండి, రాత్రి విమానం ఉన్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. రెస్టారెంట్‌లో తింటే పార్కింగ్ టికెట్ మీద వ్యాలిడేషన్, అంటే చార్జీ తగ్గించే ముద్ర, వేస్తారా అన్నది ఆర్డర్ ఇచ్చే ముందే కనుక్కోవాలి.

రెండు చోట్లా ఉండాలనుకునేవాళ్లు ముందు యూనివర్సల్, తర్వాత డిస్నీ పెట్టుకుంటే మంచిది. మా తోడికోడలు వాళ్లు అలాగే చేశారు. విమానాశ్రయం నుంచి క్యాబ్‌లో యూనివర్సల్ హోటల్‌కు వెళ్లి, డిస్నీకి మారే రోజు ఉదయం కారు అద్దెకు తీసుకున్నారు. పార్కింగ్ చార్జీతో పాటు అన్ని రోజుల కారు అద్దె కూడా మిగిలింది. చిన్నపిల్లలు ఉంటే మాత్రం క్యాబ్‌లో పిల్లల కార్ సీటు సంగతి ముందే మాట్లాడుకోవాలి, వాళ్లు తమ సీటు వెంట తీసుకెళ్లారు.