కల్పిత అంగడా, వాట్సాప్ గొంతా? తిరుపతిలో తెలుగు నేర్పేవాళ్లకు ఏది మేలు?

తిరుపతికి చదువుకో, ఉద్యోగానికో వచ్చి నాలుగైదేళ్లు ఉండిపోయే బయటి రాష్ట్రాల వాళ్లు చాలామందే. ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐజర్ విద్యార్థులు, ఆసుపత్రుల్లో నర్సులు, హోటళ్లలో పనిచేసేవాళ్లు. వాళ్లకు కావాల్సింది పద్యాలు కాదు. ఆటో మాట్లాడుకోవాలి, అంగట్లో బేరం చెయ్యాలి, దారి అడిగితే చెప్పింది అర్థం కావాలి. ఇలాంటి ఇరవై మందికి సాయంత్రం క్లాసు పెట్టే టీచరు ముందు మూడు దారులున్నాయి: కళ్లకు పెట్టుకుంటే చుట్టూ కల్పిత లోకం కనిపించే వీఆర్ హెడ్‌సెట్లు, ల్యాబు కంప్యూటర్లలో నడిచే కల్పిత లోకం, చేతిలో ఉన్న ఫోన్‌లో వాయిస్ మెసేజ్.

హెడ్‌సెట్ సంగతి త్వరగానే తేలిపోతుంది. నాలుగు కొన్నా ఇరవై మందికి ఐదు విడతలు. గంట క్లాసులో తలా పన్నెండు నిమిషాలు, అందులోనూ పట్టీ బిగించి చూపు సర్దుకునేసరికి మూడు నిమిషాలు పోతాయి. నిలబడి తిరగాలంటే ఒక్కొక్కరికి 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఖాళీ కావాలి. కొందరికి కళ్లు తిరుగుతాయి. మే నెల తిరుపతి చెమటలో ఒకరు పెట్టుకున్నది ఇంకొకరు పెట్టుకోవడం సరే, చెప్పనక్కర్లేదు. పైగా కంపెనీలు ఇంటర్నెట్‌లో నడిపే ఈ లోకాలు ఎన్నాళ్లు ఉంటాయో నమ్మకం లేదు. గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ 2021లో, ఆల్ట్‌స్పేస్ వీఆర్ 2023లో మూతపడ్డాయి. హబ్స్ సేవను మొజిల్లా 2024 మే 31న ఆపేసింది. అద్దె కొంపకు సొంత డబ్బుతో సున్నం కొట్టించుకోవడం ఎందుకు?

అందుకే కల్పిత లోకం కావాలనుకుంటే సొంత కంప్యూటర్‌లో ఉండేదే తీసుకోవాలి. లువాంటి అని, దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టుకునే ఆటల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. ఉచితం, పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. 2024 దాకా దాని పేరు మైన్‌టెస్ట్. ఇన్‌స్టాల్ చేయగానే అందులో ఆటేమీ ఉండదు. కంటెంట్ విభాగంలోకి వెళ్లి మైన్‌టెస్ట్ గేమ్ దించుకోవాలి, ఆ ఒక్కసారికే ఇంటర్నెట్ కావాలి. కొత్త లోకం తెరిచేటప్పుడు నేల ఎలా ఉండాలో అడిగే మ్యాప్‌జెన్ దగ్గర ఫ్లాట్ ఎంచుకుంటే కొండలూ గుట్టలూ లేని చదును నేల వస్తుంది. క్రియేటివ్ మోడ్‌కు టిక్ పెట్టి, డ్యామేజ్ టిక్ తీసేసి, హోస్ట్ సర్వర్ టిక్ పెట్టండి. మిగతా కంప్యూటర్లు ఈ కంప్యూటర్ ఐపీ అడ్రసు, పోర్ట్ 30000 ఇచ్చి లోపలికి వస్తాయి. ఎవరూ రాలేకపోతున్నారంటే ముందుగా అనుమానించాల్సింది విండోస్ ఫైర్‌వాల్‌ను.

లోపల కట్టాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు. ఒక వీధి, రైల్వే స్టేషన్, దానికి ఎదురుగా టీటీడీ వసతి గృహం విష్ణునివాసం, ఇంకోచోట బస్టాండు, దాని ఎదురుగా శ్రీనివాసం, మధ్యలో ఆరేడు అంగళ్లు. ఇద్దరేసి జంట, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చుంటారు. ఒకరి చేతిలో కాగితం మీద బొమ్మ, ఇంకొకరి చేతిలో మౌస్. కాగితంలో ఉన్నట్టే ఆరు వస్తువులు పెట్టించాలి. ఎనిమిది నిమిషాలు, తర్వాత పాత్రలు మార్పు. 'ఎర్ర అంగడికి ఎడమ పక్కన, రెండు గళ్లు వదిలి, పచ్చ రాయి పెట్టు' అంటాడు ఒకడు. రెండోవాడు ఆగిపోతాడు: 'ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?' ఈ ఒక్క ప్రశ్న పుట్టడానికే అంత సరంజామా. పుస్తకంలో రంగుల పట్టిక బట్టీ పట్టినవాడికి పచ్చతో ఉన్న ఈ తిరకాసు ఎప్పటికీ ఎదురుకాదు.

మేము, మనం తేడా కూడా ఇక్కడే పట్టుబడుతుంది. హిందీలో రెండింటికీ 'హమ్' ఒక్కటే. రెండు జట్లుగా గోడ కట్టిస్తే 'మేం కట్టాం, మీరు కట్టలేదు' అనక తప్పదు. జట్లు కలిపేశాక 'మనం కట్టాం' అదే నోటికి వస్తుంది.

చెడేది ఎక్కడంటే మొదటిరోజు. పిల్లలే కాదు, పాతికేళ్ల వాళ్లు కూడా కట్టిన అంగళ్లు పగలగొట్టడం మొదలుపెడతారు. చాట్‌లో రివోక్ కమాండ్‌తో ఇంటరాక్ట్ హక్కు, అంటే కట్టే, పగలగొట్టే హక్కు, తీసేసి, మౌస్ పట్టాల్సినవాళ్లకు మాత్రం వాళ్ల వంతులో గ్రాంట్‌తో ఇవ్వండి. క్లాసుకు ముందు లోకం ఫోల్డర్‌ను కాపీ తీసి పెట్టుకుంటే ఏం జరిగినా నిమిషంలో మళ్లీ పాత వీధి. రాత పని మాత్రం దీంతో పెట్టుకోవద్దు, బోర్డుల మీద తెలుగు ఒత్తులు విడిపోతాయి.

అయితే ఆ వీధిలో తెలుగు ఎవరి తెలుగు? నేర్చుకునేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే తెలుగు. అంటే తప్పులు ఇద్దరివీ ఒకటే. 'ఎక్కడ ఉంది' నేర్చుకుని బయటికెళ్లినవాడికి అదే మాట ఇక్కడి యాసలో 'యాడుండాది' అని వినబడితే అయోమయమే. వాయిస్ మెసేజ్ గెలిచేది ఇక్కడ. అంగడాయన, ఆటో అన్న, కండక్టరు, పూలమ్మే అక్క: నలుగురినీ అడిగి, ఒప్పుకుంటే, తలా 15 సెకన్లు రికార్డు చెయ్యండి. వారానికి ఒకటి పంపి, విన్నది ఏమిటో వాళ్ల మాటల్లో చెప్పమనండి.

ఉచ్చారణకూ ఇదే మేలు. హిందీవాళ్లకు హ్రస్వ ఎ, ఒ విడిగా లేవు. అందుకే 'మెడ' నొప్పి కాస్తా 'మేడ' నొప్పి అవుతుంది, తల 'కొన' అనబోయినవాడు తలకోన వెళ్తాడు. ఇలాంటి జంట పదాలు చదివించి ఆ శబ్దాన్ని, శబ్దాన్ని గీతలా చూపించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. టీచరు గొంతులో దీర్ఘం గీత ఎంత పొడవు, విద్యార్థిది ఎంత పొడవు, పైనా కిందా పెడితే చెవికి దొరకని తేడా కంటికి దొరుకుతుంది.

దీని ఖర్చు డబ్బు కాదు, టీచరు సమయం. ఇరవై మంది, తలా 30 సెకన్లు వినడం 10 నిమిషాలు, తలా 30 సెకన్ల జవాబు ఇంకో 10. రోజూ చేస్తే రెండో వారానికే విసుగు పుడుతుంది, వారానికి మూడుసార్లు చాలు. గ్రూపులో పంపమంటే సిగ్గుపడి నలుగురే పంపుతారు, విడిగా పంపమనండి. కాగితం చూసి చదివేస్తున్నారని అనుమానం వస్తే ఫొటో ఒకటి పంపి, పది సెకన్లలో ఏముందో చెప్పమంటే సరి.

కాబట్టి ల్యాబు వారానికి ఒక్కరోజైనా దొరికితే ఆ రోజు లువాంటి, మిగతా రోజులు వాట్సాప్. ల్యాబే లేకపోతే దిగులుపడక్కర్లేదు. ఆ వీధిలో పని చేసింది మూడు కొలతల బొమ్మ కాదు, ఒకడికి తెలిసింది ఇంకొకడికి కనపడకపోవడం. బల్ల మీద రంగు రంగుల సీసా మూతలు ఆరు, మధ్యలో అడ్డంగా నిలబెట్టిన అట్ట ఒకటి. పచ్చ మూతలు మాత్రం రెండు రకాలవీ పెట్టండి.