12, 20, 36: మ్యాక్రో నేర్చుకునేవారికి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఎంతవరకు పనికొస్తాయి?

చిన్న వస్తువులను బాగా దగ్గర నుంచి పెద్దగా తీయడమే మ్యాక్రో. అందుకు వాడే ఎక్స్‌టెన్షన్ ట్యూబు అంటే కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే ఖాళీ గొట్టం. లోపల అద్దాలేమీ ఉండవు. లెన్సు సెన్సరుకు దూరం జరిగేకొద్దీ బాగా దగ్గరున్న వస్తువు మీద ఫోకస్ కుదురుతుంది, బొమ్మ పెద్దదవుతుంది. ట్యూబు తీసేదాకా దూరపు వస్తువుల మీద మాత్రం ఫోకస్ రాదు. ఇక్కడ పరిశీలిస్తున్నది 12, 20, 36 మి.మీ. గొట్టాల సెట్టు. కెంకో కంపెనీ సెట్టు కొలతలూ ఇవే. జతగా పెట్టినది క్యానన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్సు, ఏపీఎస్-సీ సెన్సరు (సుమారు 22 మి.మీ. వెడల్పు) ఉన్న కెమెరా.

ముందు లెక్క. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద రాసి ఉండే ఎంఎం సంఖ్య) భాగిస్తే లెన్సు ఫోకస్ ఇన్ఫినిటీ (అతి దూరం) దగ్గర ఉన్నప్పుడు వచ్చే మాగ్నిఫికేషన్, అంటే సెన్సరు మీద బొమ్మ అసలు వస్తువుకు ఎన్ని రెట్లో తెలుస్తుంది. 50 ఎంఎం మీద 12 మి.మీ. ట్యూబుకు 0.24, 20కి 0.4, 36కి 0.72 రెట్లు. మూడూ కలిపితే 68 మి.మీ., అంటే 1.36 రెట్లు. ఈ లెన్సుకు సొంతంగా 0.21 రెట్ల మాగ్నిఫికేషన్ ఉంది కాబట్టి ఫోకస్ రింగును దగ్గరి కొసకు తిప్పితే దాదాపు అంత అదనంగా కలుస్తుంది. 36 ఒక్కటే పెట్టినా 1:1 అంచుకు చేరతాం. 1:1 అంటే సెన్సరు మీద బొమ్మ అసలు వస్తువంత సైజు; అప్పుడు ఫ్రేము వెడల్పులో 22 మి.మీ. మేర మాత్రమే పడుతుంది.

కొత్తవాళ్లు సెట్టు చేతికి రాగానే మూడు గొట్టాలూ ఒకేసారి బిగిస్తారు. నిరాశ మొదలయ్యేది అక్కడే. 68 మి.మీ. మీద లెన్సు ముందు మిగిలే చోటు కొద్ది సెంటీమీటర్లే. లెన్సు నీడే వస్తువు మీద పడుతుంది, పురుగైతే ఎగిరిపోతుంది. వెలుతురు రెండున్నర స్టాపులు తగ్గుతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). ఎపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) ఎఫ్/8 దగ్గర ఉంటే స్పష్టంగా కనిపించే లోతు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అదే 20 మి.మీ. ట్యూబుతో తగ్గే వెలుతురు ఒక స్టాపు, ఎఫ్/8 దగ్గర దక్కే లోతు సుమారు 3 మి.మీ. సీతాకోకచిలుకకూ పువ్వు నడిబొడ్డుకూ అది చాలు. సెట్టులో అన్నిటికన్నా ఉపయోగపడే ముక్క ఇదే. చేయి కుదిరేదాకా మిగతా రెండూ పెట్టెలోనే ఉండనివ్వండి.

ఎపర్చర్ విషయంలో ఇంకో మెలిక ఉంది. కెమెరా చూపించే ఎఫ్ సంఖ్యను (రంధ్రం చిన్నదయ్యేకొద్దీ ఇది పెరుగుతుంది) (1 + మాగ్నిఫికేషన్)తో గుణిస్తేనే అసలు సంఖ్య వస్తుంది. 1:1 దగ్గర ఎఫ్/11 అని కనిపిస్తున్నా పనిచేసేది ఎఫ్/22 లాగా. లోతు కోసం ఎఫ్/16కి వెళితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచున వెలుగు వంగడం) వల్ల బొమ్మ అంతా మెత్తబడుతుంది. పూర్తిగా తెరిచిన ఎఫ్/1.8లో ఇంత దగ్గర ఈ లెన్సు కూడా మెత్తగానే ఉంటుంది. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య దీనికి సరైన చోటు.

కాబట్టి ట్యూబులతో పాటు వెలుతురు గురించి కూడా ఆలోచించుకోవాలి. ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సరు స్పందన) పెంచి నెట్టుకురావడం కన్నా ఫ్లాష్ మేలు. కెమెరాను మాన్యువల్‌లో ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 1/200 సెకను దగ్గర ఉంచి, ఫ్లాష్‌ను 1/16 పవర్‌తో మొదలుపెట్టండి. చీకటిగా వస్తే 1/8కి పెంచండి. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే, చేతి వణుకును ఆపేది ఆ క్షణికమైన వెలుగే. ఫ్లాష్‌ను కెమెరా నెత్తిన వదిలేస్తే వెలుగు లెన్సు ముందుకు అందదు. కేబులుతో బయటికి తీసి, లెన్సు ముందు అంచు పైన పెట్టి, మధ్యలో తెల్లటి పల్చని ప్లాస్టిక్ షీటునో ట్రేసింగ్ పేపరునో వెలుగును పరిచే డిఫ్యూజరుగా అడ్డు పెట్టాలి. డిఫ్యూజరు వస్తువుకు ఎంత దగ్గరగా ఉంటే పురుగు వీపు మీద తెల్లటి మెరుపు మచ్చలు అంత తగ్గుతాయి.

ఫోకస్‌కు ఆటో వద్దు. మోటారు ముందుకీ వెనక్కీ వెతుకుతూనే ఉంటుంది. మాన్యువల్‌లో పెట్టి, కావలసిన సైజుకు రింగు ఒకసారి తిప్పి వదిలేసి, కెమెరానే మిల్లీమీటరు మిల్లీమీటరుగా ముందుకు జరపండి. ఎస్‌టీఎం లెన్సులో రింగు తిప్పినా జరిపేది మోటారే, అందుకే కెమెరా ఆన్‌లో లేకపోతే ఫోకస్ కదలదు. లెన్సు ముందు భాగం బయటికి వచ్చి ఉండగా కెమెరా ఆపేస్తే అది అలాగే ఉండిపోవచ్చు. బ్యాగులో దాని మీద ఒత్తిడి పడితే లోపలి యంత్రాంగం దెబ్బతింటుంది. లోపలికి తిప్పాకే ఆపాలి.

కదలని వస్తువుకు ట్రైపాడ్, లైవ్ వ్యూలో 10 రెట్ల జూమ్, 2 సెకన్ల టైమర్ వాడండి. 1:1 దగ్గర ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోలను ఒకటిగా కలపడం) చేయాలంటే ఎఫ్/8కి ఒక్కో అడుగు 0.4 మి.మీ. మించకూడదు. మించితే కలిపిన బొమ్మలో మసక పట్టీలు కనిపిస్తాయి. సాధారణ ట్రైపాడ్ మీద అంత చిన్న అడుగు కుదరదు, ఫోకస్ రెయిల్ (కెమెరాను కొద్దికొద్దిగా జరిపే పట్టా) కావాలి.

కొనేముందు తప్పక చూడాల్సింది కెమెరాకీ లెన్సుకీ మధ్య విద్యుత్ సంకేతాలు మోసే బంగారు రంగు కాంటాక్టులు. అవి లేని చవక గొట్టాలతో ఈఎఫ్ లెన్సు ఎపర్చర్ మార్చలేరు, అది పూర్తిగా తెరిచే ఉంటుంది. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (ఎంచుకున్న ఎపర్చర్‌కు లెన్సును మూసి చూపేది) నొక్కి పట్టుకునే లెన్సు ఊడదీసి ఎపర్చర్‌ను బిగించే చిట్కా ఒకటుంది గానీ, వ్యూఫైండర్ చీకటైపోతుంది, రోజూ చేసే పని కాదు. రెండోది, గొట్టం లోపలి గోడ. నిగనిగలాడే నలుపైతే వెలుగు లోపలే తిరిగి కాంట్రాస్ట్ పోతుంది, బొమ్మ మీద పాలపొర కప్పినట్టు ఉంటుంది. గరుకుగా, మాట్‌గా ఉండాలి. మూడోది, గొట్టాలు కలిపి బిగించాక మిగిలే ఆట (వదులు). లెన్సు పట్టుకుని మెల్లగా తిప్పి చూస్తే తెలుస్తుంది.

18-55 కిట్ లెన్సుకు 55 కొస దగ్గర 12, 20 బాగా కుదురుతాయి. 18 కొసలో ఫోకస్ ఇంచుమించు లెన్సు అద్దం మీదే పడుతుంది, పనికిరాదు. 200 ఎంఎం మీద 36 ట్యూబు ఇచ్చేది 0.18 రెట్లే. అలాంటి పొడవు లెన్సుకు ముందు తగిలించే రేనాక్స్ డీసీఆర్-250 లాంటి +8 డయాప్టర్ (అద్దం పవరు) క్లోజప్ లెన్సు చాలా నయం.

ఎగిరే పురుగులే మీ లక్ష్యమైతే ఈ సెట్టు దగ్గర ఎక్కువకాలం ఆగకండి. క్యానన్ ఈఎఫ్ 100 ఎంఎం ఎఫ్/2.8 మ్యాక్రో 1:1 దగ్గర కూడా లెన్సు ముందు దాదాపు 15 సెం.మీ. చోటు వదులుతుంది, దూరపు వస్తువుల మీదా ఫోకస్ అవుతుంది. పువ్వులు, నాణేలు, గడియారం పళ్లచక్రాలు తీసేవారికి 50 ఎంఎం మీద 20, 36 ట్యూబులూ, డిఫ్యూజరున్న ఒక ఫ్లాషూ చాలు.