పీహెచ్‌పీలో ఫారం డేటా: అందుకోవడం తేలికే, పోయినా తెలియదు

ఫారం నింపి సబ్మిట్ కొట్టాక ఆ డేటాని సర్వర్‌లో అందుకోవడానికి, వెబ్‌సైట్ల కోడ్ రాసే పీహెచ్‌పీ భాష అంత తేలికైనది నేనింతవరకు వాడలేదు. ఇన్‌పుట్‌కి నేమ్ అని ఏది పెడితే అదే కీతో విలువ వచ్చి $_పోస్ట్ ($_POST) అనే అర్రేలో, అంటే విలువల జాబితాలో ఉంటుంది, లింక్‌లో వచ్చిందైతే $_గెట్‌లో ఉంటుంది, దీనికోసం వేరే లైబ్రరీ ఏదీ పెట్టక్కర్లేదు. పాత వెర్షన్లలో ఫారం విలువలు నేరుగా వేరియబుల్స్‌గా మారిపోయేవి, లింక్ చివర ఎవరైనా అడ్మిన్=1 అని తగిలిస్తే అదీ వేరియబులే, అంటే బయటివాళ్లు మన కోడ్‌లోకి విలువలు తోసేయొచ్చు. రిజిస్టర్ గ్లోబల్స్ అనే ఆ పద్ధతిని 2012లో 5.4 వెర్షన్‌తో పూర్తిగా తీసేశారు, చాలా మంచి పని చేశారు.

నాకు నచ్చనిది ఒకటుంది. డేటా పోయినప్పుడు గట్టిగా చెప్పదు.

ఒక్క సబ్మిట్‌లో వచ్చే మొత్తం డేటాకి పోస్ట్ సైజ్ లిమిట్ మామూలుగా 8 ఎంబీ. ఉద్యోగానికి అప్లై చేసే అమ్మాయి ఫొటో, మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ స్కాన్ చేసి పెడితే మొత్తం 10 ఎంబీ అయిందనుకోండి, ఫైళ్లే కాదు, పేరు, ఫోన్ నంబరుతో సహా అర్రే మొత్తం ఖాళీగా వస్తుంది. అప్పుడు మన కోడ్ "పేరు తప్పనిసరి" అని ఎర్రక్షరాల్లో చూపిస్తుంది. అంతసేపు కూర్చుని అన్నీ నింపిన మనిషికి ఎంత మంటగా ఉంటుంది! వార్నింగ్ సర్వర్ లాగ్‌లో పడుతుంది, అది ఆమెకి కనిపించదు కదా. అందుకే రిక్వెస్ట్ పోస్ట్ అయ్యుండి, కంటెంట్ లెంగ్త్ (పంపిన డేటా సైజు) సున్నా కాకుండా, పోస్ట్ అర్రే మాత్రం ఖాళీగా ఉందేమో ముందే చూసుకుని "ఫైళ్ల సైజు ఎక్కువైంది" అని చెప్పాలి. ఇన్‌పుట్ల సంఖ్యకీ 1000 పరిమితి ఉంది. 60 మంది పిల్లలకి 20 గడుల చొప్పున మార్కుల ఫారం పెడితే చివరి 200 గడులు రావు, సేవ్ మాత్రం అయినట్టే కనిపిస్తుంది.

టిక్ పెట్టని చెక్‌బాక్స్ కీ కూడా రాదు, కానీ అది బ్రౌజర్ పద్ధతి, పీహెచ్‌పీని అనడానికి లేదు. 7వ వెర్షన్‌లో వచ్చిన ?? గుర్తుతో డీఫాల్ట్ విలువ ఇచ్చేస్తే సరిపోతుంది.

తెలుగులో ఫారాలు చేసేవాళ్లకి ఇంకో మాట. పేరు ఇన్ని అక్షరాలు దాటకూడదని స్ట్ర్‌లెన్ (strlen) ఫంక్షన్‌తో లెక్కపెట్టకండి, అది బైట్లు లెక్కపెడుతుంది. "తెలుగు" అని టైప్ చేస్తే 18 అంటుంది, గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కపెట్టే ఎంబీ స్ట్ర్‌లెన్ (mb_strlen) 6 అంటుంది, మనం చూసే మూడక్షరాలు కావాలంటే గ్రాఫీమ్ స్ట్ర్‌లెన్ (grapheme_strlen) వాడాలి. ఇంటిపేరుతో సహా నిండు పేరు రాసేవాళ్లని "పేరు చాలా పొడవుగా ఉంది" అని తిప్పి పంపే ఫారాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. చిన్న షాపు ఆర్డర్లకో, స్కూల్ అడ్మిషన్లకో ఫారం కావాలంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, పెద్ద ఫైళ్లో, చాలా గడులో ఉండే ఫారమైతే మాత్రం ఆ రెండు లిమిట్లూ మొదటిరోజే సరిచేసుకోండి.