ఊగే వాషింగ్ మెషిన్‌కి ఏది మేలు: రబ్బరు ప్యాడ్లా, స్టాండా, మెకానిక్కా?

స్పిన్ మొదలవగానే మెషిన్ గోడ వదిలి జానెడు ముందుకొచ్చేస్తే, చాలామంది వెంటనే ఫోన్ తీసి ప్యాడ్లో స్టాండో ఆర్డర్ పెట్టేస్తారు. నన్నడిగితే అవి తర్వాతి మాట. ముందు వంగి మెషిన్ కాళ్లు చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు.

అంత బరువున్న మెషిన్ అసలు ఎందుకు కదులుతుంది? డ్రమ్ములో బట్టలు ముద్దకట్టి ఒకవైపు అర కిలో ఎక్కువైందనుకోండి. డ్రమ్ము నిమిషానికి 1200 చుట్లు తిరిగేటప్పుడు ఆ అర కిలో దాదాపు 200 కిలోల బరువంత గట్టిగా బయటికి లాగుతుంది. వేగం 600కి తగ్గిస్తే ఆ లాగుడు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. ఆ ఊపు బాడీకి చేరకుండా స్ప్రింగులు, డ్యాంపర్లు చాలావరకు ఆపుతాయి. మిగిలింది నాలుగు కాళ్లూ సమంగా మోయాలి. ఒక్క కాలు నేలకి ఆనకపోయినా మెషిన్ నడక మొదలుపెడుతుంది.

మన ఇళ్లలో మెషిన్ ఉండేది బాత్రూంలోనో, వంటింటి వెనక యుటిలిటీలోనో. నీళ్లు జాలీ వైపు పోవాలని అక్కడ మేస్త్రీ నేలకి వాటం పెట్టే కడతాడు. కాబట్టి కొన్నప్పుడు ఒకచోట బాగా నిలబడ్డ మెషిన్, ఇల్లు మారాక ఊగడంలో వింతేమీ లేదు. ఎదురెదురు మూలల మీద రెండు చేతులూ పెట్టి మార్చి మార్చి నొక్కి చూడండి. టకటకమని ఊగితే ఒక కాలు పొట్టిగా ఉన్నట్టే. ఆ కాలిని స్పానర్‌తో తిప్పి కిందికి దించి, మెషిన్ పైన రసమట్టం పెట్టి రెండు వైపులా చూసుకోవాలి. కాలికి ఉండే లాక్ నట్‌ని మెషిన్ అడుగుకి ఆనేదాకా బిగించడం మాత్రం మర్చిపోవద్దు. అది వదులుగా ఉంటే ఆ అదురుకే కాలు మళ్లీ తిరిగిపోతుంది, సరిచేసిన నాలుగు రోజులకే కథ మొదటికొస్తుంది. కొన్ని టాప్ లోడ్ మెషిన్లలో అన్ని కాళ్లూ తిరగవు, తిరిగేవాటితోనే సర్దాలి. కాలి కింద అట్టముక్క మడిచి పెట్టే అలవాటు కొందరిది. రెండు ఉతుకులకే అది నాని పేస్టయిపోతుంది.

ఇక ప్యాడ్లు. కాళ్లు సరిగ్గా ఉండి, నున్నటి టైల్స్ మీద మెషిన్ జారుతుంటే వీటికి మించింది లేదు. అపార్ట్‌మెంట్లో కింది ఫ్లాట్ వాళ్లకి దడదడలు వినిపిస్తున్నా కొంత నయమే. అయితే గట్టి రబ్బరువి, నాలుగూ ఒకే మందం ఉన్నవి తీసుకోవాలి. మెత్తటి స్పాంజి లాంటివైతే ఊగడం ఇంకా పెరగొచ్చు. వంకరగా నిలబడ్డ మెషిన్ కింద ప్యాడ్లు పెట్టినా అది వంకరగానే ఉంటుంది, కాకపోతే జారకుండా అక్కడే ఊగుతుంది.

స్టాండు విషయంలో నాకు మొహమాటం లేదు: ఊగుడు తగ్గుతుందని స్టాండు కొనకండి. ముఖ్యంగా ఫ్రంట్ లోడ్‌కి చక్రాల స్టాండు అసలే వద్దు. చక్రాలకి లాక్ ఉన్నా, మెషిన్ ఎత్తు పెరిగి, కింద ఒక కదిలే భాగం చేరుతుంది. బాత్రూం తడికి మెషిన్ అడుగు తుప్పు పట్టకుండా, కింద ఊడ్చుకోవడానికి వీలుగా ఉండాలంటే చక్రాలు లేని గట్టి ఇనుప స్టాండు పెట్టుకోండి, అదీ దాని కాళ్లు కూడా లెవెల్ చేసి.

మెకానిక్‌ని పిలవాల్సిన ఊగుడు వేరే. కొత్త ఫ్రంట్ లోడ్ మొదటి రోజే ఎగిరెగిరి పడుతుంటే వెంటనే ఆపేసి వెనక వైపు చూడండి. రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించే ట్రాన్సిట్ బోల్టులు అక్కడే ఉంటాయి, అవి తీయకుండా నడిపితే మెషిన్ పాడవుతుంది. తీశాక పారేయకండి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ కావాలి. పాత మెషిన్ అయితే ప్లగ్ తీసి, ఖాళీ డ్రమ్ముని చేత్తో కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకొచ్చి ఆగిపోతే డ్యాంపర్లు బాగున్నట్టు. ఊయలలా నాలుగైదు సార్లు ఊగితే అవి అరిగినట్టు. టాప్ లోడ్‌లో ఈ పని నాలుగు సస్పెన్షన్ రాడ్లది. వాటిలో ఒకటి బలహీనపడితే టబ్బు ఒక పక్కకి ఒరిగి కనిపిస్తుంది. ఇలాంటప్పుడు ఎన్ని ప్యాడ్లు పెట్టినా దండగే.

బట్టల సంగతి కూడా చూసుకోవాలి. ఒక్క బొంత వేసినా, తలుపు పట్టనంత కుక్కినా ఊగుతుంది. దుప్పటితో పాటు రెండు మూడు తువ్వాళ్లు వేస్తే బరువు అన్ని వైపులా సర్దుకుంటుంది. నీరు ఇంకని పరుపు కవర్లు, రెయిన్‌కోట్లు స్పిన్‌లో వేయనే వద్దు. వాటి మడతల్లో నీళ్లు నిలిచిపోయి, డ్రమ్ము వేగం అందుకున్నాక ఒక్కసారిగా ఒక పక్కకి తూగుతాయి. రోజువారీ బట్టలకి స్పిన్ 800 చాలు. ఎండకి ఆరేసుకునే మనకి 1200 వేగంతో పనేముంది?

డ్యాంపర్లో, రాడ్లో మార్చడానికి అయ్యే ఖర్చు భరించదగ్గదే. కానీ ఊగుడుతో పాటు స్పిన్‌లో గరగరమని రోలు రుబ్బినట్టు చప్పుడొస్తుంటే బేరింగులు పోయి ఉండొచ్చు. చాలా ఫ్రంట్ లోడ్‌లలో టబ్బు విప్పడానికి వీల్లేకుండా అతికించి ఉంటుంది, బేరింగు కోసం టబ్బు మొత్తం మార్చాలంటారు. అప్పుడు ఆ బిల్లు ఎంతో ముందే అడిగి, కొత్త మెషిన్ ధర పక్కన పెట్టి చూసుకున్నాకే సరే అనండి.