ఐస్ డాన్స్ జోడీకి ఏది మేలు: గెలిచి వెళ్లిపోవడమా, ఆగి తిరిగి రావడమా, అసలు ఆగకపోవడమా?

1984 ఫిబ్రవరి 14, సరయెవో శీతాకాల ఒలింపిక్స్. మంచు మీద స్కేట్లతో ఆడ, మగ జోడీ చేసే నాట్య పోటీ, ఐస్ డాన్స్ జరుగుతోంది. సంగీతం మొదలైనా బ్రిటన్ జోడీ జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్ మంచు మీద మోకాళ్లూని ఊగుతున్నారే తప్ప లేవడం లేదు. పోటీలో చివరి అంకమైన ఫ్రీ డాన్స్‌కు అప్పుడున్న గడువు 4 నిమిషాల 10 సెకన్లు. వాళ్లు ఎంచుకున్న సంగీతం, స్వరకర్త రావెల్ 'బొలేరో'ను ఎంత కుదించినా 4 నిమిషాల 28 సెకన్ల దగ్గర ఆగిపోయింది. అప్పట్లో స్కేటు బ్లేడు మంచుకు ఆనిన క్షణం నుంచే సమయం లెక్కించేవారు కాబట్టి, మిగిలిన ఆ 18 సెకన్లనూ మోకాళ్ల మీదే నాట్యంగా మలిచారు. కళాత్మకతకు తొమ్మిది మంది జడ్జీలూ అప్పటి అత్యధిక మార్కు 6.0 ఇచ్చారు.

ఒకప్పుడు నాటింగ్‌హామ్‌లో ఆమె బీమా కంపెనీ గుమస్తా, అతను పోలీసు. స్వర్ణం గెలిచిన ఏడాదే ప్రొఫెషనల్ ప్రదర్శనలకు వెళ్లిపోయారు. ఆనాటి నిబంధనల ప్రకారం, ప్రదర్శనలతో సంపాదించేవారికి ఒలింపిక్స్ తలుపులు మూసుకున్నట్టే. అందుకే వాళ్ల నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కడుపు నింపుకోవాలంటే ఆటను వదులుకోమన్న రోజులవి. నిబంధన సడలాక 1994లో లిల్లేహామర్‌కు తిరిగొచ్చారు. అప్పటికి ఆమెకు 36, అతనికి 35. కాంస్యంతో సరిపెట్టుకున్నారు. పదేళ్ల ఎడం చాలా పెద్దది.

టెస్సా వర్చ్యూ, స్కాట్ మోయిర్ ఎంచుకున్నది రెండో దారి. కెనడాలోని ఒంటారియోలో 1997లో ఈ ఇద్దరినీ జోడీగా కలిపింది స్కాట్ బంధువు, స్కేటింగ్ కోచ్ కారల్ మోయిర్. అప్పుడు టెస్సాకు ఏడేళ్లు, స్కాట్‌కు తొమ్మిది. 2008లో టెస్సా పిక్కలకు ఆపరేషన్ అయింది. ఆమె కోలుకునేదాకా స్కాట్ ఇసుక బస్తాలను, హాకీ కర్రలను జోడీగా పెట్టుకుని సాధన చేశాడు. ఐస్ డాన్స్ అంటే ఏమిటో ఆ ఇసుక బస్తా చెప్పినంత బాగా నేను చెప్పలేను. ఇందులో ఒంటరి సాధన అన్నది దాదాపు ఉండదు. 2010లో సొంత దేశంలో, వాంకోవర్ ఒలింపిక్స్‌లో స్వర్ణం వచ్చింది. అదే ఏడాది మళ్లీ ఆపరేషన్ అయింది. 2014 సోచీలో రజతంతో ఆగి, రెండు సీజన్లు పోటీలకు దూరమయ్యారు.

తిరిగొచ్చినప్పుడు పాత చోటికి రాలేదు. మాంట్రియల్‌కు మారి, కోచ్‌లు మరీ-ఫ్రాన్స్ డ్యూబ్రే, పాత్రీస్ లోజోన్ దగ్గర చేరారు. ఫ్రాన్స్ జోడీ గాబ్రియెలా పపడాకిస్, గియోమ్ సిజెరాన్ కూడా ఆ కోచ్‌ల శిష్యులే. అంటే ఓడించాల్సినవాళ్ల పక్కనే రోజూ సాధన. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఫ్రీ డాన్స్‌లో ఫ్రెంచ్ జోడీకే ఎక్కువ మార్కులు వచ్చాయి. కానీ అంతకుముందు తొలి అంకమైన షార్ట్ డాన్స్‌లో పపడాకిస్ దుస్తుల మెడ దగ్గరి కొక్కెం ఊడిపోయి ఆ జోడీ తడబడింది. రెండూ కలిపి కెనడా జోడీకి 206.07, ఫ్రెంచ్ జోడీకి 205.28. కేవలం 0.79 తేడాతో కెనడా జోడీకి రెండో స్వర్ణం. దానితో పాటు టీమ్ స్వర్ణం కూడా దక్కింది.

మూడో దారి అమెరికా జోడీ మాడిసన్ చాక్, ఎవాన్ బేట్స్‌ది. 2010లో అప్పటి జోడీ స్కేటు బ్లేడు తగిలి బేట్స్ మడమ వెనుక స్నాయువు (అకిలిస్ టెండన్) తెగింది. మరుసటి ఏడాది చాక్‌తో కలిశాడు. పన్నెండేళ్లు పోరాడాక, 2023లో జపాన్‌లోని సైతామాలో తొలి ప్రపంచ టైటిల్ దక్కింది. అప్పటికి అతనికి 34 ఏళ్లు. తర్వాతి రెండేళ్లూ టైటిల్ నిలబెట్టుకున్నారు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి. అయితే అంతకాలం ఒంట్లో సత్తువ, చేతిలో డబ్బు, ఇద్దరి మధ్య పొత్తు చెడకుండా ఉండాలి. అది అందరికీ కుదిరేది కాదు.

నా ఓటు మాత్రం రెండో దారికే. సింగిల్స్‌లో మూడు, నాలుగు చుట్ల గెంతులు వయసుతో పాటు భారమవుతాయి. ఐస్ డాన్స్‌లో అలాంటి గెంతులు లేవు. బ్లేడు అంచు మీద పట్టు, ఇద్దరి అడుగూ ఒక్కటయ్యే తీరు, సంగీతాన్ని వినే చెవి ఏళ్లు గడిచేకొద్దీ పదునెక్కుతాయి. కాబట్టి ఇరవై రెండేళ్లకే శిఖరం చూసేశామని వెళ్లిపోవడం తొందరపాటు. అలాగని నొప్పిని పంటి బిగువున భరిస్తూ ఏటా బరిలో దిగాల్సిన పనీ లేదు. ఒకటి రెండేళ్లు ఆగవచ్చు. పదేళ్లు ఆగితే మాత్రం ఆట మనకోసం కాచుకుని కూర్చోదు. ఆగినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు కొత్త కోచ్ దగ్గరకు, వీలైతే తమకన్నా బాగా ఆడే జోడీ ఉన్న రింకుకే వెళ్లాలి.